‘ఇదే లాస్ట్ మ్యాచ్ మమ్మీ’ అన్నప్పుడు పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు

హైదరాబాద్ నిజాంపేటలో మా అక్కవాళ్ల ఇంట్లో రాత్రి తొమ్మిదయ్యేసరికి రోజూ అవే రెండు మాటలు వినిపించేవి. "అన్నం చల్లారిపోతోంది, రారా!" అని అక్క. "ఇదే లాస్ట్ మ్యాచ్ మమ్మీ!" అని లోపలి గదిలోంచి ఎనిమిదో తరగతి చదివే వాళ్లబ్బాయి. పోయిన వేసవిలో ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. మూడోసారి పిలిచినా రాకపోయేసరికి అక్క విసురుగా వెళ్లి వైఫై స్విచ్ ఆపేసింది. వాడు బయటికొచ్చి, పళ్లెం తోసేసి, మళ్లీ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. బావ కేకలు, అక్క ఏడుపు. అరగంట ఆగి నేను తలుపు తట్టి లోపలికి వెళ్లి పక్కన కూర్చుంటే వాడన్నాడు: "నలుగురం ఆడుతున్నాం పిన్నీ. నేను మధ్యలో పోతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు. రేపు స్కూల్లో వాళ్ల మొహం ఎలా చూడాలి?"

ఆట పోయిందన్న బాధ కన్నా స్నేహితుల ముందు పరువు పోయిందన్న బాధ వాడికి ఎక్కువగా ఉంది. అది మాకెవరికీ తట్టనే లేదు. ఆ తర్వాత చాలా సాయంత్రాలు వాడి పక్కన కూర్చుని చూశాను, దీని గురించి దొరికినంత చదివాను. పిల్లల గేమ్‌ల అలవాటు గురించి మన ఇళ్లలో జరిగే గొడవ ఎక్కువగా గంటల చుట్టూ తిరుగుతుంది. ఎన్ని గంటలు ఆడాడు, ఎన్ని గంటలు చదివాడు అని. అసలు చిక్కుముడి వేరేచోట ఉందని నాకు అనిపిస్తోంది.

ముందు ఆట ఎలా కట్టారో చూద్దాం. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) లాంటి ఫోన్ ఆటలో వంద మంది ఒక దీవి మీద దిగుతారు. చివరిదాకా బతికిన జట్టు గెలిచినట్టు. ఆడే చోటు అంతకంతకూ కుంచించుకుపోతుంది. ఒక మ్యాచ్ పూర్తిగా సాగితే అరగంట దాకా పడుతుంది. ఫ్రీ ఫైర్‌లో యాభై మంది, కాబట్టి ఇంకాస్త తొందరగా తేలిపోతుంది. మన చిన్నప్పటి వీడియో గేముల్లో ఒక బటన్ నొక్కితే ఆట అక్కడికక్కడ ఆగేది, అన్నం తిని వచ్చి మళ్లీ మొదలుపెట్టుకునేవాళ్లం. వీటిలో ఆ వీలు లేదు. మధ్యలో వదిలేస్తే ర్యాంకు పాయింట్లు పోతాయి, స్క్వాడ్‌లో, అంటే జట్టులో ఉన్న మిగతావాళ్లు తిట్టిపోస్తారు. గల్లీ క్రికెట్‌లో తన బ్యాటింగ్ అయిపోగానే ఇంటికి పారిపోయే వాణ్ని మర్నాడు మనం ఆటలో చేర్చుకునేవాళ్లమా? ఇదీ అంతే.

మరి లాస్ట్ మ్యాచ్ అన్నది లాస్ట్ ఎందుకు కాదు? దిగిన రెండు నిమిషాలకే చచ్చిపోతే ఇదీ ఒక మ్యాచేనా అనిపిస్తుంది. రెండో స్థానంలో ఆగిపోతే కొంచెంలో తప్పిపోయింది, ఇంకొక్కటి అనిపిస్తుంది. గెలిస్తే ఇవాళ ఊపు మీదున్నాం కదా అనిపిస్తుంది. మూడు దారులూ ఇంకో మ్యాచ్‌కే పోతాయి. సినిమాకి శుభం కార్డు ఉంటుంది, క్రికెట్‌కి చివరి ఓవర్ ఉంటుంది. ఇక్కడ పడుకోబోయే ముందు కూడా రేపు లాగిన్ అయితే బహుమతి, ఈ వారం సీజన్ ముగిసేలోపు ఆడకపోతే ర్యాంకు పోతుంది అన్న నోటిఫికేషన్ వస్తుంది. ఇది చివర అంటూ లేకుండా కట్టిన ఆట. పదమూడేళ్ల పిల్లవాణ్ని దానికి చివర పెట్టుకోమని మనం అడుగుతున్నాం.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బోనులో పెట్టిన బిళ్లని ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు రావడం ఆగిన కాసేపటికి పావురం పొడవడం మానేస్తుంది. అదే గింజ ఎప్పుడు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడో దెబ్బకి, ఇంకోసారి ఇరవయ్యో దెబ్బకి పడేలా చేస్తే పొడుస్తూనే ఉంటుంది. గింజలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు ఆశ వదులుకోదు. నాంపల్లి నుమాయిష్‌లో రింగులు విసిరే స్టాల్ దగ్గర మనమూ ఇలాగే నిలబడిపోతాం. ఒక్క రింగు సబ్బుపెట్టె మీద పడితే చాలు, ఇంకో విడత రింగులు కొంటాం. ఆటలో తెరిచే పెట్టెలు, లోపల ఏ స్కిన్ (బొమ్మకో తుపాకీకో వేసే కొత్త వేషం) వస్తుందో తెలియని క్రేట్లు, యూసీ (డబ్బిచ్చి కొనే ఆటలోని నాణేలు) పెట్టి తిప్పే చక్రాలు అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లోనే తేల్చింది.

మెదడు సంగతికొస్తే, వీడియో గేమ్ ఆడుతున్నప్పుడు మనుషుల మెదడులో డోపమైన్ విడుదల పెరుగుతోందని లండన్ పరిశోధకులు 1998లో నేచర్ పత్రికలో ప్రచురించారు. దీన్ని పట్టుకుని గేమ్ అంటే మత్తుమందే అన్నట్టు వాట్సాప్‌లో తిరిగే సందేశాల్ని దయచేసి నమ్మకండి. ఆకలి మీద ఉన్నప్పుడు బిర్యానీ వాసన తగిలినా డోపమైన్ కదులుతుంది. అది ఒక్కటే వ్యసనానికి రుజువు కాదు. మనం తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. దొరికిన సంతోషం కన్నా, ఈసారి దొరుకుతుందేమో అన్న ఆశ మనిషిని ఎక్కువగా లాగుతుంది. ఆ లాగుడుని ఆపి, ఇక చాలు అని చెప్పే భాగం మెదడు ముందు వైపు ఉంటుంది. అది పూర్తిగా ఎదిగేసరికి ఇరవై అయిదేళ్లు వస్తాయి. పెద్దవాళ్లమైన మనమే రాత్రి పన్నెండుకి ఇంకొక్క రీల్ అనుకుంటున్నప్పుడు, ఆ బ్రేకు ఇంకా తయారవుతున్న పిల్లవాడి నుంచి మనం ఏం ఆశిస్తున్నాం?

అలాగని ఎక్కువగా ఆడే ప్రతి పిల్లవాడూ అడిక్ట్ కాదు. ఈ మాట మన ఇళ్లలో చాలా సులువుగా, వాడి మొహం మీదే, చుట్టాల ముందే అనేస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. 2019 మేలో ఆమోదించిన ఆ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మూడు లక్షణాలు చెప్పారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తన చేతిలో లేకపోవడం. మిగతా ఇష్టాలూ రోజువారీ పనులూ అన్నీ ఆట తర్వాతే కావడం. నష్టం కళ్ల ముందు కనబడుతున్నా ఆడుతూనే ఉండటం, ఇంకా పెంచడం. దీనివల్ల చదువో, ఇంట్లో సంబంధాలో, తన ఆరోగ్యమో గట్టిగా దెబ్బతినాలి. మామూలుగా ఏడాది పాటు ఇలా కొనసాగితేనే ఆ పేరు పెడతారు. తీవ్రంగా ఉంటే అంతకంటే ముందే పెట్టవచ్చు.

ఇందులో ఇన్ని గంటలు అన్న లెక్క ఎక్కడా లేదు. సెలవుల్లో రోజుకి అయిదు గంటలు ఆడి, బడి తెరిచాక మామూలుగా మారిపోయే పిల్లవాడు దీని కిందికి రాడు. రోజుకి రెండు గంటలే ఆడినా, ఆ రెండు గంటల కోసం అబద్ధాలాడి, స్నానం మానేసి, ఒకప్పుడు ప్రాణంగా ఉన్న షటిల్ బ్యాట్‌ని అటక మీద పడేసిన పిల్లవాడి గురించి ఆలోచించాలి. వివిధ దేశాల అధ్యయనాల్ని కలిపి లెక్కవేసిన 2021 విశ్లేషణలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ సమస్య ఉండవచ్చని తేలింది. అంటే మన ఇంట్లో గొడవ పెద్దదే అయినా, అది జబ్బు కాకపోయే అవకాశమే ఎక్కువ. మరి జబ్బు కాకపోతే ఏమిటి?

ఇక్కడే మన ఊరి సంగతి మాట్లాడాలి. అక్కవాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండా కార్లు, బైకులు. గోడ మీద అసోసియేషన్ వాళ్ల బోర్డు: పిల్లలు ఇక్కడ బంతి ఆడరాదు. వీధిలోకి వెళ్తే వాటర్ ట్యాంకర్లు, డెలివరీ బళ్లు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఒక చిన్న పిల్లవాడు చనిపోయాక, బయటికి పంపాలంటే తల్లులకి గుండె దడ. ఖాళీ స్థలం కనిపిస్తే ఏడాది తిరిగేలోపు పిల్లర్లు లేస్తాయి. పిల్లవాడు పొద్దున ఏడున్నరకి బస్సెక్కి, సాయంత్రం అయిదుకి దిగి, ఆరింటికి ఐఐటీ ఫౌండేషన్ ట్యూషన్‌కి వెళ్లి, ఎనిమిదికి ఇంటికొస్తాడు. ఈ మొత్తం రోజులో తనంతట తాను ఎంచుకున్నది ఒక్కటి చెప్పమని మావాణ్ని అడిగాను. కాసేపు ఆలోచించి, "గేమ్‌లో ఎక్కడ దిగాలో నేనే డిసైడ్ చేస్తా పిన్నీ. స్క్వాడ్‌కి నేనే లీడర్‌ని" అన్నాడు.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషికి మూడు అవసరాలుంటాయని చెప్పారు: నా నిర్ణయం నేను తీసుకోగలగడం, ఏదో ఒక పనిలో నాకు నైపుణ్యం ఉందనిపించడం, నాకంటూ నలుగురు ఉండటం. ర్యాన్, మరికొందరు 2006లో వీటినే వీడియో గేములకి అన్వయించి, ఆటలు మనల్ని పట్టుకునేది ఈ మూడింటినీ తీర్చడం వల్లనే అని చూపించారు. మన పిల్లల రోజు పక్కన దాన్ని పెట్టి చూడండి. స్కూల్లో నలభై మందిలో ముప్పై రెండో ర్యాంకు వస్తే అది ప్రోగ్రెస్ కార్డు మీద అచ్చవుతుంది, తల్లిదండ్రుల మీటింగ్‌లో చర్చకొస్తుంది, తాతయ్య దాకా వెళ్తుంది. ఆటలో ఓడిపోతే ఎవరూ తిట్టరు, నలభై సెకన్లలో మళ్లీ మొదలు. ఇల్లు మారినప్పుడు విడిపోయిన పాత కాలనీ స్నేహితుడు హెడ్‌ఫోన్‌లో వినబడతాడు. 2020 మార్చిలో బడులు మూతపడి, పాఠాల కోసమని మనమే చేతికి ఫోన్ ఇచ్చినప్పుడు, చాలామంది పిల్లలకి దోస్తులు మిగిలిన చోటు అదొక్కటే. ఆటని తీసేస్తున్నాం అనుకుంటూ మనం ఈ మూడింటినీ ఒక్కసారే లాగేస్తున్నాం. వాడు పళ్లెం తోసేశాడంటే అందుకే.

ఇక ఇంట్లో మనం చేసే పని. దీని గురించి రాయడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది, ఎందుకంటే నా కూతురి విషయంలో నేనూ ఇదే చేశాను. ఏడాది పిల్లకి ముద్ద దిగాలంటే ఫోన్‌లో పాటలు పెట్టాను. పెళ్లిలో అల్లరి చేయకుండా ఫోన్ ఇచ్చాను. యూనిట్ టెస్ట్‌లో మార్కులొస్తే ఆదివారం రెండు గంటలు ఫోన్ అన్నాను. రాకపోతే లాక్కుంటానన్నాను. మన ఇళ్లలో ఫోన్ ఒక నాణెం అయిపోయింది. బహుమతీ అదే, శిక్షా అదే, జోకొట్టేదీ అదే. పెద్దవాళ్లు ఒక వస్తువుని ఇంత విలువగా దాచి, ఇంత పెద్ద బెదిరింపుగా వాడితే, ప్రపంచంలో అన్నిటికన్నా గొప్పది అదేనని పిల్లకి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

దీనికి తోడు పావురం కథ ఇంట్లో కూడా నడుస్తుంది. వాడు ఫోన్ అడిగితే అయిదుసార్లు వద్దంటాం. ఆరోసారి మనకి ఆఫీసు కాల్ ఉంటుంది, తలనొప్పిగా ఉంటుంది, ఇంటికి చుట్టాలొస్తారు. సరే తీసుకో, విసిగించకు అంటాం. అమ్మ ఇవ్వకపోతే నాన్న, నాన్న లేకపోతే తాతయ్య ఫోన్. ఏ దెబ్బకి గింజ పడుతుందో తెలియదు కాబట్టి పిల్లవాడు పొడుస్తూనే ఉంటాడు. వాడికి మొండితనం నేర్పింది మనమే. తల్లి ఒకటి, తండ్రి ఒకటి, నానమ్మ ఒకటి చెప్పే ఇంట్లో ఇది మరీ ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైంది, మనస్తత్వ శాస్త్రం తెలిసినవాళ్లకి బాగా తెలిసినదీ, మనకి ఎవరూ చెప్పనిదీ ఇంకొకటి ఉంది. అలవాటైన గింజ ఆపేయగానే పావురం వెంటనే మానదు. ముందు ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా పొడుస్తుంది. ఆ తర్వాతే తగ్గుతుంది. అక్కవాళ్లు ఆట వేళల మీద నియమం పెట్టిన మొదటి రెండు వారాలూ ఇల్లు నరకంగా ఉంది. సరిగ్గా అలాంటప్పుడే చాలామంది, ఇది పనిచేయడం లేదు అని ఫోన్ ఇచ్చేస్తారు. అలా ఇస్తే పిల్లవాడు నేర్చుకునేది ఒకటే, ఇంత గోల చేస్తే దొరుకుతుంది అని. తర్వాతి గోల అక్కణ్నుంచి మొదలవుతుంది. అందుకే రెండు వారాలు నిలబడగలమన్న నమ్మకం లేనప్పుడు, పరీక్షల నెలలో, ఇంట్లో పెళ్లి పనులున్నప్పుడు నియమం మొదలుపెట్టకపోవడమే మంచిది.

అక్క చేసిన పనుల్లో మొదటిది వాడి పక్కన కూర్చుని నాలుగు మ్యాచ్‌లు చూడటం. తుపాకీ మోత ఆమెకి అస్సలు పడదు. అయినా చూసింది. స్క్వాడ్‌లో ఉన్నవాళ్లు ఎవరు, ఏ స్కూలు, మైక్‌లో తెలియనివాళ్లు ఎవరైనా మాట్లాడుతున్నారా అని తెలుసుకుంది. ఆ తర్వాత నిమిషాల లెక్క మానేసి మ్యాచ్ లెక్కకి వచ్చింది. ఎనిమిదిన్నర దాటాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు, మొదలైనది మాత్రం మధ్యలో ఆపించదు. చిన్న మార్పే, కానీ రోజూ రాత్రి జరిగే గొడవలో సగం దాంతోనే పోయింది. వాడికి స్నేహితుల దగ్గర మాట పోవడం లేదు, అక్కకి తొమ్మిదింటికల్లా వాడు పళ్లెం ముందు ఉంటున్నాడు. మరీ ముఖ్యంగా, ఈ నియమం చెప్పేటప్పుడు అక్క వాణ్ని అడిగి, బేరమాడి, ఒప్పించింది. వాడు తొమ్మిదన్నాడు, ఆమె ఎనిమిదంది, మధ్యలో తేలింది.

రెండోది రాత్రి పది తర్వాత ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌లో ఉండాలి. అన్నీ అంటే బావ ఫోన్‌తో సహా. బావ దగ్గరే ఎక్కువ చిక్కొచ్చింది, నిజం చెప్పాలంటే. ఆఫీసు మెసేజ్‌లు అంటాడు. కానీ భోజనాల దగ్గర తండ్రి బొటనవేలు స్క్రీన్ మీద పైకి కిందికి తిరుగుతుంటే కొడుక్కి చెప్పే మాటకి బరువుండదు. పిల్లల నిద్ర పోవడమే గేమ్‌ల వల్ల జరిగే నష్టాల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది. చిరాకు, మతిమరుపు, మార్కులు తగ్గడం చాలావరకు దాని వెనకే వస్తాయి.

పిల్లల ఫోన్ వాడకానికి పెద్దవాళ్లు హద్దులు పెట్టే ఫ్యామిలీ లింక్ లాంటి యాప్‌లు పనికొస్తాయి, పిల్లవాడికి చెప్పి పెడితే. దొంగచాటుగా పెడితే వాడు తీసేయడం నేర్చుకుంటాడు, దానితో పాటు మన దగ్గర దాచడం కూడా. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, కార్డు వివరాలు సేవ్ చేసి ఉంచకండి, యూపీఐ పిన్ పిల్లలకి చెప్పకండి. కూరగాయల కోసం పంపినప్పుడు చెప్పిన పిన్ నంబరే తర్వాత స్కిన్లు కొంటుంది.

సాయంత్రం అయిదింటి నుంచి ఎనిమిదింటి మధ్య బయట ఆడుకునే వీలు లేకపోవడం ఒక పెద్ద సమస్య. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. అక్కవాళ్లు వారంలో మూడు రోజులు ట్యూషన్ మాన్పించి బ్యాడ్మింటన్‌కి పంపుతున్నారు. ఐఐటీ సీటు ఏమవుతుందోనని బావకి టెన్షన్ ఉంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో ఆ బంతి బోర్డు తీయించాలని అక్క పోట్లాడుతోంది. మనలో ఎంతమంది ఆ మీటింగ్‌లకి వెళ్లి పార్కింగ్ గురించి మాట్లాడినంత గట్టిగా పిల్లల ఆట గురించి మాట్లాడాం?

ప్రభుత్వం నిషేధిస్తే పోతుంది కదా అని చాలామంది అంటారు. నిషేధాలు చూశాం. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ని ఆపేశారు, పిల్లలు ఫ్రీ ఫైర్‌కి వెళ్లారు. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో అదే ఆట తిరిగొచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని ఆపితే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. అదే ఏడాది జులైలో స్టోర్ల నుంచి పోయిన బీజీఎంఐ 2023 మేలో మళ్లీ వచ్చినప్పుడు, పద్దెనిమిదేళ్ల లోపువారికి రోజుకి మూడు గంటలే అని పరిమితి పెట్టారు. వయసు తప్పు చెప్పడం ఏ పిల్లవాడికి కష్టం? దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపువారికి అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు ఆన్‌లైన్ గేములు ఆపేసే చట్టం తెచ్చి, పదేళ్ల తర్వాత దాన్ని ఎత్తేసింది. చైనా 2021లో వారానికి మూడు గంటలే అంటే, పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల అకౌంట్లతో లాగిన్ అయ్యారు. 2025 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల మీదికి వెళ్లింది, అది అవసరమే. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటి వాటిని నిషేధించింది. మన పిల్లల స్క్వాడ్ మ్యాచ్‌లు మాత్రం ఆ నిషేధాల కిందికి రావు. ఇంట్లో పని ఇంట్లోనే ఉంది.

ఇంట్లో చేయగలిగిందంతా చేసినా తగ్గని పిల్లలుంటారు. బడి మానేస్తున్నాడు, రాత్రంతా ఆడి పగలు పడుకుంటున్నాడు, ఇంట్లో డబ్బు తీస్తున్నాడు, ఫోన్ తీస్తే కొడుతున్నాడు లేదా తనకి తాను హాని చేసుకుంటానంటున్నాడు అంటే ఇక ఆగకూడదు. ఆ చివరి మాటని బెదిరింపు అని కొట్టిపారేయకండి, నిజమో కాదో పరీక్షించాలని చూడకండి. చాలాసార్లు ఆట అడుగున డిప్రెషనో, ఆందోళనో, ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీయో, బడిలో ఎవరో ఏడిపించడమో ఉంటుంది. ఆట వాడికి దాక్కునే చోటు. కిందున్నదాన్ని పట్టించుకోకుండా ఆటని మాత్రమే తీసేస్తే పిల్లవాడు మరీ ఒంటరైపోతాడు. ఆడపిల్లలైతే గోల చేయకుండా గదిలో కూర్చుంటారని మనం ఇంకా ఆలస్యంగా గమనిస్తాం.

14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ కౌన్సెలర్లు తెలుగులో మాట్లాడతారు. 24 గంటలూ ఉంటారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ అనగానే మన ఊళ్లో ఒక రకంగా నవ్వుతారు. ఆ నవ్వు వల్ల ఎన్ని కుటుంబాలు ఆలస్యంగా వెళ్తున్నాయో తలుచుకుంటే బాధేస్తుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే టెక్నాలజీ అలవాట్ల కోసం షట్ క్లినిక్ అని విడిగా పెట్టింది. ఇలాంటి చోట్ల పిల్లవాడి ఆలోచనలు, అలవాట్ల మీద వారాల తరబడి మాట్లాడి మెల్లగా మారుస్తారు. ఆ మాటల్లో తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెడతారు. వెళ్లే ముందు రెండు వారాల పాటు పిల్లవాడు ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఏం తిన్నాడు, గొడవలు ఏ సమయంలో వచ్చాయి అని ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరుకి మన కోపం కన్నా ఆ కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒక్క విషయం మాత్రం బతిమాలుకుంటున్నాను. కంటి పరీక్షకి వెళ్దామనో, పిన్ని ఇంటికి వెళ్దామనో చెప్పి వాణ్ని అక్కడికి తీసుకెళ్లకండి. మన ఇంట్లో రోజూ గొడవవుతోంది, నాకూ నీకూ ఇద్దరికీ కష్టంగా ఉంది, మనిద్దరం కలిసి ఒకరితో మాట్లాడదాం అని చెప్పండి. వాడు రానంటాడు. మర్నాడు మళ్లీ అడగండి. మొదటిసారి వాడు రాకపోతే మీరొక్కరే వెళ్లి మాట్లాడి రండి.